చేతులు మాత్రమే కనిపించాయి

1990లో నేను హైదరాబాదులో పరిశోధక విద్యార్థిని. హాస్టల్లో పక్క గది స్నేహితురాలికి వాళ్ళన్నయ్య జర్మనీ నుంచి ఒక కాసెట్ తెచ్చిచ్చాడు. పేరు 'డౌన్ టు ది మూన్'. పాటలు లేవు, వాద్యసంగీతం మాత్రమే. జలజలమని పారే తీగలు, వాటి వెనక వేణువు, డోలు, అక్కడక్కడ కీబోర్డు. రాత్రిళ్ళు థీసిస్ రాసుకోవడానికి బాగుంటుందని ఖాళీ కాసెట్ మీద కాపీ చేసుకున్నాను. వాయించినవారి పేరు ఆండ్రియాస్ వొలెన్‌వైడర్ అని స్నేహితురాలు చెప్పింది. నేను లేబుల్ మీద 'ఆండ్రియా - హార్ప్' అని రాసుకున్నాను. ఆడమనిషి అనుకున్నాను. మూడేళ్ళపాటు అలాగే అనుకున్నాను.

ఒక పత్రికలో ఆయన ఫొటో చూసి, గిరజాల జుట్టు స్విస్ మగవాడని తెలిసినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు నన్ను వదల్లేదు. గిటార్ అని ఉంటే నేను ఆ పొరపాటు చేసేదాన్నా? ఒక వాద్యం పేరు వినగానే వాయించేది స్త్రీయే అని నా బుర్రలో ఎవరు రాసిపెట్టారు? హార్పుని నేను అప్పటికి కళ్ళతో చూసి కూడా ఎరగను. స్త్రీవాదం చదువుకుంటున్నాననుకునే రోజుల్లోనే ఈ ఊహ నాలో ఇంత నిశ్చింతగా ఎలా కూర్చుంది? ఆ ప్రశ్న వెంట పోతే చాలా దూరం వెళ్ళాల్సి వచ్చింది.

ముందు ఆ ఆల్బమ్ సంగతి. వొలెన్‌వైడర్ 1953లో జూరిక్‌లో పుట్టాడు. తండ్రి ఆర్గన్ వాద్యకారుడు. హార్పు తీగల్లో ఎక్కువ భాగం పేగుతోనో నైలానుతోనో చేస్తారు. ఎలక్ట్రిక్ గిటార్‌కి వాడే అయస్కాంతపు పికప్ లోహపు తీగ కదిలితేనే పనిచేస్తుంది కాబట్టి ఈ తీగలకి పనికిరాదు. తీగ అదిరినప్పుడు కలిగే ఒత్తిడిని విద్యుత్తుగా మార్చే చిన్న పికప్‌లు అమర్చాలి. వొలెన్‌వైడర్ 1970లలో తన హార్పుని ఇలా విద్యుత్తుకి కలిపి, మంద్రస్వరాలూ లయా కూడా దానిమీదే పలికేలా తన వాదన పద్ధతినీ మార్చుకున్నాడు. 1981 నుంచి వరసగా వచ్చిన అతని ఆల్బమ్‌లు యూరప్‌లోనూ అమెరికాలోనూ బాగా అమ్ముడుపోయాయి. 'డౌన్ టు ది మూన్' 1986లో వచ్చింది. అమెరికాలో గ్రామీ బహుమతులిచ్చేవాళ్ళు 1987లో మొదటిసారిగా 'న్యూ ఏజ్' అనే విభాగం పెట్టారు. ఆ మొట్టమొదటి బహుమతి ఈ ఆల్బమ్‌కే దక్కింది. అలా ఒక ఎలక్ట్రిక్ హార్పు ఒక సంగీత విభాగానికి అధికారిక ప్రారంభమయింది.

ఇందులో వొలెన్‌వైడర్ తప్పేమీ లేదు. ఆ సంగీతం నాకిప్పటికీ ఇష్టమే. నా పేచీ ఆ 'ప్రారంభం' అనే మాటతో.

యూరప్‌లో హార్పు మొదటినుంచీ ఆడవాళ్ళ వాద్యమేమీ కాదు. ఐర్లండ్‌లో, వేల్స్‌లో రాజుల కొలువుల్లో హార్పు వాయించింది ఎక్కువగా మగవాళ్ళే. 18వ శతాబ్దంలో బవేరియాలో పెడళ్ళున్న హార్పు తయారయింది. ఫ్రాన్స్ రాణి మరీ ఆంత్వానెట్ హార్పు నేర్చుకుంది. రాణి వాయిస్తే కులీన కుటుంబాల ఆడపిల్లలందరూ వాయించాల్సిందే. కూర్చున్న భంగిమ, చాచిన చేతులు, గౌను కింద కదిలే పాదాలు చూడటానికి అందంగా ఉంటాయి. వాయించేటప్పుడు వేణువులా మూతి బిగించనక్కర్లేదు, చెల్లోలా కాళ్ళమధ్య పెట్టుకోనక్కర్లేదు. వినటానికంటే చూడటానికి ఎక్కువ పనికొచ్చే వాద్యంగా అది పెళ్ళికావలసిన పిల్లల గదుల్లో కుదురుకుంది. 1778లో మోత్సార్ట్ పారిస్‌లో వేణువుకీ హార్పుకీ కలిపి ఒక కన్చెర్టో రాశాడు. అది ఒక ప్రభువుకీ అతని కూతురికీ రాసింది. తండ్రి వేణువు, కూతురు హార్పు. ఆ రచన సొమ్ము తనకింకా అందలేదని మోత్సార్ట్ ఉత్తరంలో వాపోయాడు. సంగీత చరిత్రలో తండ్రి పేరు నిలిచింది. కూతురు చాలా పుస్తకాల్లో 'ఆయన కుమార్తె'గానే మిగిలిపోయింది.

జేన్ ఆస్టెన్ 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' 1814లో వచ్చింది. అందులో మేరీ క్రాఫర్డ్ తన హార్పుని పల్లెటూరికి తెప్పించుకోవాలని చూస్తుంది. కోతల రోజులు. ఎంత డబ్బిస్తానన్నా బండి దొరకదు. రైతులకి గడ్డి ముఖ్యం, ఈవిడకి హార్పు. చివరికి అన్నగారు తన బండిలో తెచ్చిపెడతాడు. హార్పు వచ్చాక ఎడ్మండ్ రోజూ వినడానికి వస్తాడు. ఈ ఘట్టం మొదట చదివినప్పుడు మా ఇంటి ముందు గదే కళ్ళముందు కదిలింది. "అమ్మాయికి వీణ వచ్చు" అని మగపెళ్ళివారితో మా నాన్న అంటున్నట్టే ఉంది. 

హార్పుకి సంబంధించి నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది వియన్నా కథ. వియన్నా ఫిల్‌హార్మోనిక్ 1842లో మొదలయింది. నూటయాభై ఏళ్ళకి పైగా అందులో స్త్రీలకి సభ్యత్వం లేదు. కానీ హార్పు వాయించే మగవాళ్ళు దొరకడం కష్టమయింది. అందుకని అన్నా లెల్కెష్ అనే హంగేరియన్ హార్పిస్టు 1971 నుంచి ఆ బృందంతో వాయించడం మొదలుపెట్టింది. కార్యక్రమ పత్రాల్లో ఆమె పేరుండేది కాదు. ప్రపంచమంతా చూసే టీవీ ప్రసారాల్లో హార్పు వంతు వచ్చినప్పుడు కెమెరా ఆమె చేతులు మాత్రమే చూపించేది. ముఖం చూపించేది కాదు. 1996లో ఒక జర్మన్ రేడియో చర్చలో ఈ విషయం వచ్చింది. హార్పు బృందం అంచున ఉంటుంది కాబట్టి అక్కడ ఒక స్త్రీ కూర్చున్నా పెద్ద ఇబ్బంది లేదన్న సమర్థన వినిపించింది. 1997 ఫిబ్రవరిలో, అమెరికా పర్యటనకి బయల్దేరబోయే ముందు, అక్కడి స్త్రీల సంఘాలు నిరసనలకి సిద్ధమవుతున్నాయని తెలిసి, లెల్కెష్‌కి సభ్యత్వమిచ్చారు. అప్పటికి ఆమె వాళ్ళతో వాయించడం మొదలుపెట్టి ఇరవయ్యారేళ్ళు.

ఇక్కడ ఒక చిక్కుంది. హార్పు 'ఆడ వాద్యం' కావడం వల్లే ఆమె ఆ గడప తొక్కగలిగింది. అమెరికాలో ఎడ్నా ఫిలిప్స్ 1930లోనే ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో ప్రధాన హార్పిస్టు అయింది. పెద్ద అమెరికన్ ఆర్కెస్ట్రాలో ఒక వాద్య విభాగానికి ప్రధాన స్థానం పొందిన మొదటి స్త్రీ ఆమె. మనల్ని ఒక మూలకి కట్టేసిన ముద్రే ఒక్కోసారి తలుపు తాళంచెవి కూడా అవుతుంది. అలా లోపలికి వెళ్ళాక దొరికేది మాత్రం ఆ అంచు కుర్చీయే.

ఈ చరిత్ర చదివాక 1987 నాటి బహుమతి నాకు వేరేగా కనిపించడం మొదలుపెట్టింది. న్యూ ఏజ్ అనే సంగీతానికి మార్కెట్టు కట్టిన సంస్థల్లో ముఖ్యమైనది విండమ్ హిల్. దాన్ని 1976లో విలియమ్ ఆకర్‌మన్, ఆన్ రాబిన్సన్ కలిసి మొదలుపెట్టారు. ఆ రికార్డులకి ఒక ముఖం ఇచ్చిన అట్టల రూపకల్పన రాబిన్సన్‌ది. కాలిఫోర్నియాలో జార్జియా కెల్లీ అనే హార్పిస్టు 'సీపీస్' అనే ఆల్బమ్‌ని 1978లో తన సొంత లేబుల్ మీద వేసుకుంది. నెమ్మదిగా, ధ్యానానికి అనువుగా, అలలాగా సాగే హార్పు సంగీతం అది. న్యూ ఏజ్ హార్పు అనేదానికి ఒక మొదలు వెతకాలంటే ఆ కెల్లీ దగ్గర ఆగాలి. గ్రామీ విభాగం మొదలయ్యాక ఒక స్త్రీ తన పేరుమీద ఆ బహుమతి అందుకోవడానికి 1993 దాకా పట్టింది. ఆమె ఎన్యా.

ఇంకొంచెం వెనక్కి వెళితే డిట్రాయిట్ నగరం వస్తుంది. నల్లజాతి కార్మికుల ఊరు. అక్కడి కాస్ టెక్నికల్ హైస్కూల్ అనే ప్రభుత్వ పాఠశాలలో హార్పు నేర్పేవారు. రాణుల వాద్యం కార్మికుల పిల్లల చేతికొచ్చింది. అక్కడ చదువుకున్న డొరొతీ ఆష్‌బీ హార్పుని జాజ్‌లోకి తెచ్చింది. 1957 నుంచి రికార్డులు చేసింది. 1968లో వచ్చిన 'ఆఫ్రో-హార్పింగ్'లో హార్పు నృత్యానికి తగ్గ లయతో నడుస్తుంది. నల్లజాతి మనిషి, స్త్రీ, పైగా ఎవరూ జాజ్ అనుకోని వాద్యం, ఈ మూడు బరువులూ తనమీదున్నాయని ఆమెకి స్పష్టంగా తెలుసు. క్లబ్బుల్లో హార్పుకి చోటు దొరక్క, వినేవాళ్ళని తయారుచేసుకోవడానికి ఉచితంగా కచేరీలిచ్చింది. 1986 ఏప్రిల్లో చనిపోయింది. 'డౌన్ టు ది మూన్' వచ్చిన సంవత్సరమే అది. ఒక ఏడాది ఆగి హార్పుకి బహుమతి వచ్చేనాటికి ఆమె లేదు.

అదే డిట్రాయిట్‌లో 1937లో పుట్టిన ఆలిస్ కోల్ట్రేన్ గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. జాజ్ దిగ్గజం జాన్ కోల్ట్రేన్ భార్యగా చాలామందికి తెలుసు. ఆయన ఆర్డరు చేసిన హార్పు 1967లో ఆయన పోయాక ఇంటికి చేరింది. నలుగురు పిల్లలు. ఆమెకి అప్పటికి ముప్ఫయ్యేళ్ళు నిండలేదు. పియానో విద్వాంసురాలు కాస్తా ఆ వయసులో హార్పు మొదలుపెట్టింది. 1971లో వచ్చిన 'జర్నీ ఇన్ సచ్చిదానంద'లో తంబురా నాదం మీద ఆ హార్పు నడుస్తుంటే మన చెవికి కొత్తగా ఉండదు. భర్త రికార్డింగులకి తీగ వాద్యాలు చేర్చి 1972లో విడుదల చేసినప్పుడు జాజ్ విమర్శకులు విరుచుకుపడ్డారు. మహానుభావుడి సంగీతాన్ని భార్య పాడుచేసిందన్నారు. ఆయన బతికుండగా పక్కన కూర్చుని వాయించిన మనిషికి, ఆయన పోయాక ఆ సంగీతాన్ని ముట్టుకునే హక్కు లేకపోయింది!

ఆమె మెల్లగా రికార్డు కంపెనీలకి దూరమయింది. తురీయసంగీతానంద అయింది. 1983లో కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టింది. తర్వాత దానికి 'సాయి అనంతం' అని పేరొచ్చింది. ఆ సాయి మన పుట్టపర్తి సత్యసాయి. ఈ సంగతి తెలిసినప్పుడు నేను ఇబ్బందిపడ్డాను. బాబాల మీద నా అభిప్రాయాలు నాకున్నాయి. కానీ ఒక నల్లజాతి స్త్రీకి సంగీత పరిశ్రమ ఇవ్వని అధికారం, తన సంగీతం తన ఇష్టప్రకారం చేసుకునే స్థలం, ఆ ఆశ్రమంలో దొరికాయన్నది కూడా నిజమే. అక్కడ ఆమె ఎవరి భార్యా కాదు, గురువు. ఆర్గన్ ముందు కూర్చుని భజనలు పాడి, కాసెట్లు తనే వేసుకుంది. 1982 నాటి 'తురీయ సింగ్స్' అలాంటిదే. ఆమె 2007లో చనిపోయింది. 2018 నవంబరులో కార్చిచ్చులో ఆ ఆశ్రమం కాలిపోయింది. ఆ భజనల కాసెట్ల నుంచి ఏర్చిన సంకలనం 2017లో వచ్చాకే, 'న్యూ ఏజ్' అని విమర్శకులు తేలిగ్గా తీసేసిన ఆ సంగీతాన్ని మళ్ళీ వినడం మొదలైంది.

1986లోనే ఇంకొకటి జరిగింది. స్కెలిటన్ క్రూ అనే బృందం రికార్డు ఒకటి వచ్చింది. అందులో జీనా పార్కిన్స్ ఉంది. ఆమె కూడా డిట్రాయిట్ పిల్లే. ఆమె ఎలక్ట్రిక్ హార్పు జలజల పారదు. గీరుకుంటుంది, కీచుమంటుంది, అరుస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నేను టేపు ఆపేశాను. హార్పుకి ఇలా అరిచే హక్కుందని ఒప్పుకోవడానికి నాకు సమయం పట్టింది. విద్యుత్తు ఒకటే. ఒకరి చేతిలో అది సేదదీర్చింది, ఇంకొకరి చేతిలో నిద్ర చెడగొట్టింది. నేను సేదదీర్చేదాన్ని మూడేళ్ళు విని, దాన్ని ఆడమనిషికి ఆపాదించాను. ఓదార్చడం, నెమ్మదింపజేయడం, వెనక ఉండి మన పని సాగనివ్వడం ఆడవాళ్ళు చేసే పనులని నా చెవి కూడా అనుకుంది. నా పొరపాటుకి మూలం అక్కడ దొరికింది.

ఇది రాస్తుంటే మా మేనత్త గుర్తొచ్చింది. కోస్తాలో ఒక చిన్న పట్నంలో ఆడపిల్లల బడిలో సంగీతం టీచరు. పనసచెక్కతో చేసిన బొబ్బిలి వీణ ఆమెది. వీణది మెత్తటి గొంతు. మద్రాసులో వీణ ధనమ్మాళ్ తన ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు వాయిస్తుంటే వచ్చినవాళ్ళు ఊపిరి బిగబట్టి వినేవారట. ఆవిడ నాదాన్ని పెంచలేదు, గదిని చిన్నది చేసుకుంది. ఆ గది ఒక దేవదాసీ కుటుంబానిదన్నది మనం మరిచిపోకూడదు. వాళ్ళ ఇళ్ళలోంచి వీణని మర్యాదస్తుల ఇళ్ళలోకి తెచ్చుకుని, వాళ్ళని మాత్రం గడప బయటే ఉంచిన చరిత్ర మా మేనత్త వీణ వెనకా ఉంది.

ఒకసారి ఊళ్ళో ఉత్సవాల్లో మేనత్తకి అరగంట కచేరీ ఇచ్చారు. ఉన్న ఒక్క మంచి మైకు తర్వాత పాడబోయే విద్వాంసుడి ముందు పెట్టి, "అమ్మా, మీది సున్నితమైన వాద్యం, మైకు అక్కర్లేదు" అన్నారు నిర్వాహకులు. మూడో వరస దాటి ఎవరికీ వినపడలేదు. మేనత్త ఏమీ అనలేదు. తర్వాతి నెల జీతంలో ఒక కాంటాక్ట్ మైకూ, చిన్న యాంప్లిఫయరూ కొనుక్కొచ్చింది. "ఇదేం వీణే, సినిమా గిటారులా మోగుతోంది, గమకంలో గీర కూడా వినపడుతోంది" అని మా నాన్న విసుక్కుంటే, "గీరా నాదేలేరా అన్నయ్యా, వినపడనీ" అంది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. అది సంగీతం గురించిన మాట అనుకున్నాను.

వీణకీ హార్పుకీ పోలిక నా కల్పన కాదు. అమరావతి శిల్పాల్లో స్త్రీలు వాయించే వీణ మనమెరిగిన వీణ కాదు. విల్లులా వంగిన చిన్న హార్పు. దాదాపు రెండువేల ఏళ్ళ కిందట కృష్ణా తీరంలో ఆడవాళ్ళ ఒళ్ళో ఉన్న వాద్యం అది. ఆ రకం వీణ మన దగ్గర అంతరించింది, బర్మాలో దాని సంతతి మిగిలింది. మెట్లున్న ఇప్పటి వీణ రూపం 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో స్థిరపడిందంటారు. రామభద్రాంబ, మధురవాణి లాంటి విదుషీమణులున్న కొలువు అది. వీణకి మాత్రం రాజు పేరు మిగిలింది. మద్రాసు మ్యూజియంలో అమరావతి సున్నపురాతి ఫలకాల ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. అరిగిపోయిన ముఖాలు. తీగల మీద వేళ్ళు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. వియన్నా కెమెరా గుర్తొచ్చింది.

కొన్ని ముఖాలు ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నాయి. బ్రాండీ యంగర్ అనే నల్లజాతి హార్పిస్టు 2023లో డొరొతీ ఆష్‌బీ రచనలతో ఒక ఆల్బమ్ చేసింది. ఆలిస్ కోల్ట్రేన్ హార్పుని బాగుచేయిస్తే, దానిమీద వాయించి 2025లో ఇంకొకటి చేసింది. డెబొరా హెన్సన్-కొనాంట్ కోసం ఒక ఫ్రెంచి కంపెనీ ఒంటికి పట్టీలతో తగిలించుకునే ఎలక్ట్రిక్ హార్పు తయారుచేసింది. పెద్ద కచేరీ హార్పు దాదాపు 40 కిలోలుంటుంది. దీని బరువు ఐదు కిలోలు. వేసుకుని నిలబడవచ్చు, నడవవచ్చు. మేరీ క్రాఫర్డ్‌కి ఇది దొరికుంటే కోతల రోజుల్లో బండి కోసం అన్నగారి మీద ఆధారపడేది కాదు.

మేనత్త పోయి చాలా ఏళ్ళయింది. వీణ మా చెల్లెలి దగ్గరుంది, కాంటాక్ట్ మైకు నా దగ్గర. తీగ తెగిపోయింది, అతికించాలి. ఆ కాసెట్ కూడా ఉంది. టేపు సాగిపోయి హార్పు ఇప్పుడు ఊగుతూ వినిపిస్తుంది. లేబుల్ మీద 'ఆండ్రియా' అని నేను రాసుకున్నది దిద్దుదామని ఒకసారి పెన్ను తీశాను. మళ్ళీ పెట్టేశాను. వొలెన్‌వైడర్ పేరు ఎక్కడైనా దొరుకుతుంది. నేను ఎలా పొరబడ్డానో రాసి ఉన్నది ఆ ఒక్క లేబుల్ మీదే.